ఇన్వర్టర్ బ్యాటరీ: జాగ్రత్తగా వాడటం, నిల్వ పెట్టడం, ఇల్లు మారేటప్పుడు తీసుకెళ్లడం

"నీళ్లు ఎప్పుడు పోయాలి?" "ఆరు నెలలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నాం, బ్యాటరీని ఏం చెయ్యాలి?" "ఇల్లు మారుతున్నాం, కారు డిక్కీలో పెట్టుకెళ్లొచ్చా?" ఇన్వర్టర్ బ్యాటరీ గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఈ మూడే. మూడింటికీ ఒకేచోట జవాబు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పేది మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత ఛార్జ్ నిలవ ఉంచుకోగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ గురించి. లోపల సీసం పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిసిన నీళ్లు, పైన ఆరు మూతలు ఉంటాయి. కారు, ట్రాక్టర్ బ్యాటరీలకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది. నీళ్లు పొయ్యక్కర్లేని సీల్డ్ బ్యాటరీకి తేడా ఉన్నచోట విడిగా చెప్తాను. లిథియం బ్యాటరీ పద్ధతి పూర్తిగా వేరు, దానికి ఇవి పాటించకండి.

కదిలించకుండా ఒక మూల పెట్టి వాడుకునే బ్యాటరీ పెద్దగా ఇబ్బంది పెట్టదు. వైర్లు విప్పినప్పుడు, నీళ్లు పోసినప్పుడు, ఎత్తినప్పుడు, అలాగే వదిలేసి ఊరెళ్లినప్పుడే తేడా వస్తుంది. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదాని మీదే ఇక్కడ ఎక్కువ చెప్పాను.

## 1. దేనికి భయపడాలి

బ్యాటరీ 12 వోల్టులే కాబట్టి ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఆ ధైర్యంతోనే చాలామంది అజాగ్రత్తగా ఉంటారు. అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి.

షార్ట్. ఇనప పానా ఒకేసారి రెండు టెర్మినళ్లకూ తగిలితే వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. పానా క్షణాల్లో ఎర్రగా కాలి అక్కడే అతుక్కుపోవచ్చు. చేతికి ఉంగరమో, గాజులో, స్టీలు వాచీ గొలుసో ఉంటే కాలేది వేలు, మణికట్టు.

హైడ్రోజన్. ఛార్జింగ్ పూర్తి కావస్తున్నప్పుడు బ్యాటరీలోంచి ఈ గ్యాస్ వస్తుంది. రంగు, వాసన ఉండవు. గాలిలో 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. గాలికంటే చాలా తేలిక కాబట్టి మూసి ఉన్న చోట పైకప్పు కింద చేరుతుంది.

యాసిడ్. ఒంటి మీద పడితే కడుక్కునే టైమైనా ఉంటుంది. కంట్లో పడితే చూపుకే ముప్పు.

బరువు. 150 ఏహెచ్ ట్యూబులర్ సుమారు 50 నుంచి 60 కిలోలు ఉంటుంది. పైగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి తేలిగ్గా పక్కకు ఒరుగుతుంది.

ఇంకో సంగతి. ఇంటి మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే దాని అవుట్‌పుట్ వైర్లలో 230 వోల్టులు ఉంటాయి. షాక్ కొట్టేది అక్కడ.

## 2. ఎక్కడ పెట్టాలి

మన ఇళ్లలో బ్యాటరీకి దొరికే చోటు మెట్ల కింద. రెండు వైపులా తెరిచి ఉంటే అది మంచి చోటే. దానికి తలుపులు పెట్టి అల్మరాలా మూసేస్తేనే చిక్కు. తలుపులు తప్పవనుకుంటే కింద ఒకటి, పైన ఒకటి గాలి రంధ్రాలు వదలండి. కింద మాత్రమే వదిలితే లాభం లేదు, గ్యాస్ పోవాల్సింది పైనుంచి.

- ఎండ నేరుగా పడకూడదు. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. పడమటి ఎండ పడే బాల్కనీ కంటే చల్లగా ఉండే హాలు మూల నయం.
- పూజ గది గోడ పక్కన పర్వాలేదు, పూజ గది లోపల వద్దు. దీపం, అగరబత్తి, దోమల కాయిల్, గ్యాస్ సిలిండర్ దగ్గర ఉండకూడదు.
- పడుకునే గదిలో పెట్టొద్దు.
- ఇన్వర్టర్‌ను బ్యాటరీకి సరిగ్గా పైన, ఆనుకుని ఉండేలా బిగించొద్దు. బ్యాటరీలోంచి లేచే ఆవిరికి దాని లోపలి సర్క్యూట్ తుప్పు పడుతుంది. ట్రాలీ వాడితే రెండింటి మధ్య ఖాళీ ఉన్నది చూసుకోండి.
- కింద ప్లాస్టిక్ ట్రే పెట్టండి. మార్బుల్ అయినా, కడప రాయి అయినా సున్నపురాయి జాతే. యాసిడ్ చుక్క పడితే పొంగి మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు.

బ్యాటరీ మీద చెప్పులు, పాత పేపర్లు, తడి బట్టలు పెట్టడం ఎన్ని ఇళ్లలో చూస్తామో! పైభాగం ఎప్పుడూ ఖాళీగా, పొడిగా ఉండాలి.

## 3. చెయ్యి పెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- కళ్లజోడు. చూపు కోసం పెట్టుకునేది చాలదు, పక్కలు కూడా మూసే సేఫ్టీ గాగుల్స్ కావాలి. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.
- రబ్బరు చేతి తొడుగులు
- పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టిన పానా
- వంట సోడా ప్యాకెట్టు
- బకెట్ నిండా మామూలు నీళ్లు
- ప్లాస్టిక్ గరాటు, పాత నూలు గుడ్డ (దాన్ని మళ్లీ వేరే పనికి వాడొద్దు)
- టార్చి లేదా ఫోన్ లైటు

కాటన్ బట్టల మీద యాసిడ్ తుంపర పడితే అప్పటికప్పుడు తెలియదు. ఉతికాక చిల్లులు కనిపిస్తాయి. పాత బట్టలు వేసుకుని పనిలో దిగండి. ఉంగరం, గొలుసు, వాచీ, గాజులు తీసి పక్కన పెట్టండి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు.

## 4. వైర్లు విప్పే వరుస, బిగించే వరుస

ఈ వరుస ఒక కాగితం మీద రాసి ఇన్వర్టర్ పక్కన అంటించుకున్నా తప్పులేదు.

విప్పేటప్పుడు:
1. కిటికీలు, తలుపులు తెరవండి. ఛార్జింగ్ ఇప్పుడే అయ్యుంటే ఓ గంట ఆగండి.
2. ఇన్వర్టర్ ముందు స్విచ్ ఆపండి.
3. ఇన్వర్టర్‌కు కరెంటు వచ్చే గోడ స్విచ్ ఆపి, ప్లగ్ లాగేయండి.
4. ఫోన్‌తో ఫొటో తీయండి. ఎర్ర వైరు ఏ టెర్మినల్‌కు ఉందో స్పష్టంగా కనబడాలి. రెండు వైర్లూ నల్లవే అయితే ప్లస్ వైరుకు ఎర్ర టేపు చుట్టండి.
5. మైనస్ వైరు విప్పి, కొసకు టేపు చుట్టి దూరంగా మడవండి.
6. తర్వాత ప్లస్ వైరు.

బిగించేటప్పుడు: ముందు ప్లస్, తర్వాత మైనస్, ఆ తర్వాత గోడ ప్లగ్, చివర్లో ఇన్వర్టర్ స్విచ్.

కారులో ఈ వరుసకు కారణం తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ మైనస్ బాడీకి కలిసి ఉంటుంది. అది ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలిందా, షార్టే. ఇంట్లో ఆ సమస్య లేకపోయినా చేతికి ఒకే అలవాటు ఉండటం మంచిది.

ఇన్వర్టర్‌కు చివరి వైరు తగిలించేటప్పుడు చిన్న మెరుపు రావడం మామూలే. లోపలి కెపాసిటర్లు ఛార్జ్ అవుతున్నాయన్నమాట. కిటికీలు ముందే తెరవమన్నది ఇందుకే. ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం ఫ్యూజు పోవచ్చు, ఇన్వర్టర్ బోర్డే కాలిపోవచ్చు.

నట్లు గట్టిగా బిగించాలి. అలాగని బలమంతా పెట్టకండి, టెర్మినల్ సీసంది, మెత్తన. వదులుగా ఉన్నా ప్రమాదమే: లోడు పడినప్పుడు ఆ చోటు వేడెక్కి వైరు పైపొర కరుగుతుంది. బిగించిన మర్నాడు, కరెంటు పోయి ఇన్వర్టర్ నడిచాక, స్విచ్‌లన్నీ ఆపి టెర్మినల్ దగ్గర చేతి వెనక వైపు ఆనించి చూడండి. అక్కడొక్కచోటే వేడిగా ఉంటే అది వదులుగా ఉన్నట్టే.

## 5. నీళ్లు పోయడం

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బ్యాటరీ షాపుల్లో, చాలా పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది. ఆర్‌వో నీళ్లలో ఇంకా ఖనిజాలు మిగిలే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛమైనవని కొందరి నమ్మకం. అవి కాయిల్ మీద పేరుకున్న దుమ్మును, లోహపు మరకల్ని కడుక్కుంటూ వస్తాయి. వాన నీళ్లూ వద్దు.

యాసిడ్ అసలే పోయొద్దు. తగ్గేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది. షాపులో రెండూ ఒకేలాంటి క్యాన్లలో ఉంటాయి కాబట్టి లేబుల్ చదివి కొనండి.

1. బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయ్యాక ఈ పని పెట్టుకోండి. ఛార్జ్ అయ్యేకొద్దీ లోపలి మట్టం పెరుగుతుంది. ఖాళీ బ్యాటరీకి అంచుదాకా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి బయటికొస్తుంది.
2. ఇన్వర్టర్, గోడ ప్లగ్ ఆపి గంట ఆగండి.
3. మూతలు తీసేముందు పైభాగాన్ని తడిగుడ్డతో తుడవండి, మట్టి లోపల పడకుండా.
4. గాగుల్స్ పెట్టుకుని మూతలు తీయండి. లోపలికి చూడాలంటే టార్చి వెయ్యండి. అగ్గిపుల్ల, కొవ్వొత్తి, లైటర్ దగ్గరికి తేవద్దు. బ్యాటరీ మొహం మీద పేలేది ఇలాగే.
5. ఫ్లోట్ (మట్టం చూపించే తేలే పుల్ల) ఉన్న మూత అయితే ఆకుపచ్చ గుర్తు వరకు, పక్కన గీతలుంటే పై గీత వరకు పోయండి. కొంచెం కొంచెంగా, ఆరు గదుల్లోనూ.
6. మూతలు బిగించి, పైన ఒలికినది తుడిచి, ఛార్జింగ్ పెట్టండి.

పలకలు బయటపడి కనిపిస్తుంటే పైన చెప్పిన మొదటి పనిలో చిన్న మార్పు. ముందు పలకలు మునిగేంత మాత్రం పోసి, ఛార్జ్ చేసి, ఆ తర్వాత గుర్తు వరకు నింపాలి.

కోతలు ఎక్కువగా ఉండే ఎండాకాలంలో నెలకోసారి చూడండి. మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి చాలు. ఆరింటిలో ఒక్క గదే మాటిమాటికీ తాగుతుంటే ఆ గది పాడవుతోందని అర్థం. మెకానిక్‌తో గ్రావిటీ (లోపలి యాసిడ్ నీళ్ల చిక్కదనం) చూపించండి. ట్యూబులర్‌లో నిండు ఛార్జికి సుమారు 1.240 ఉండాలి. మిగతా ఐదూ బాగుండి ఒకటి 1.200 దగ్గరే ఆగిందంటే రోగం అందులోనే.

## 6. ఛార్జింగ్

ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న స్విచ్ ఉంటుంది: ట్యూబులర్, ఫ్లాట్ (మామూలు పలకలది), ఎస్‌ఎంఎఫ్ (సీల్డ్). కొత్త బ్యాటరీ పెట్టినప్పుడు దీన్ని మార్చడం మర్చిపోతారు. ట్యూబులర్ సెట్టింగ్‌లో సీల్డ్ బ్యాటరీ పెడితే ఎక్కువ వోల్టేజీకి లోపల ఎండిపోతుంది. దానికి నీళ్లు పోసే దారి కూడా లేదు.

విడి ఛార్జర్‌తో చేసేటప్పుడు కరెంటు ఏహెచ్‌లో పదో వంతు దాటనివ్వొద్దు. 150 ఏహెచ్‌కి 15 ఆంపియర్లు. వైర్లు తగిలించాకే ఛార్జర్ ఆన్ చెయ్యాలి, ఆపాకే తీయాలి.

ఛార్జింగ్‌లో గోరువెచ్చగా అవడం, సన్నగా బుడగల చప్పుడు రావడం సహజం. ఇవి కనిపిస్తే మాత్రం ఆపెయ్యాలి:
- చెయ్యి ఆనించలేనంత వేడి
- పక్కలు ఉబ్బడం
- కుళ్లిన కోడిగుడ్ల వాసన

ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, పీలిస్తే విషం. చాలామంది డ్రైనేజీ వాసన అనుకుని పడుకుంటారు. ఆ గదిలో స్విచ్‌లు ముట్టుకోకుండా బయట ఉన్న ఎంసీబీ (మెయిన్ బోర్డులోని ట్రిప్ స్విచ్) నుంచి కరెంటు ఆపండి, తలుపులు తెరవండి, అందరూ బయటికి రండి. వైర్లు విప్పడం గాలి పూర్తిగా మారి, బ్యాటరీ చల్లారాకే.

## 7. టెర్మినల్ చిలుము

తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పడితే వైర్లు వరుస ప్రకారం విప్పి, వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పాత టూత్ బ్రష్ ముంచి రుద్దండి. ఆ నీళ్లు మూతల రంధ్రాల్లోంచి లోపలికి పోకూడదు. ఆరాక వైరు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. ముందే రాసి బిగిస్తే కరెంటుకు అడ్డం.

## 8. ఊరెళ్తున్నప్పుడు, నిల్వ పెట్టేటప్పుడు

అన్నిటికంటే పెద్ద తప్పు ఇదీ: ఇంటికి తాళం వేసేముందు భద్రత కోసమని మెయిన్ ఆపేస్తారు, ఇన్వర్టర్ ఆన్‌లోనే ఉంటుంది. దాని లెక్కలో అది కరెంటు కోత. ఫ్రిజ్‌కో, మర్చిపోయిన బల్బుకో కరెంటు ఇస్తూ బ్యాటరీని ఖాళీ చేస్తుంది. లోడు ఏమీ లేకపోయినా తన సొంత ఖర్చు కొంత ఉంటుంది. అలా ఖాళీ అయిన బ్యాటరీ నెలల తరబడి ఉండిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తిరిగొచ్చాక ఎంత ఛార్జ్ చేసినా నిలవదు. వారంటీలో ఇది చెల్లదనే సమాధానం కూడా వినాల్సి రావచ్చు.

రెండు వారాల లోపు: మట్టం చూసి, ఇన్వర్టర్, మెయిన్ రెండూ మామూలుగా ఆన్‌లో ఉంచి వెళ్లొచ్చు. లేదా నిండుగా ఛార్జ్ చేసి, ఇన్వర్టర్ ఆపి, మైనస్ వైరు తీసెయ్యండి.

నెల నుంచి ఆరు నెలలు:
1. నిండుగా ఛార్జ్ చెయ్యండి, మట్టం సరిచూడండి.
2. పైన 4వ భాగంలో చెప్పిన వరుసలో రెండు వైర్లూ విప్పండి.
3. పైభాగం తుడిచి పొడిగా ఉంచండి. తడి దుమ్ము పొర మీదుగా కూడా ఛార్జ్ మెల్లగా కారిపోతుంది.
4. టెర్మినళ్లకు టేపు వెయ్యండి. మూతలు బిగించి ఉండాలి, వాటి గాలి రంధ్రాలు మూయకూడదు.
5. తాళం చెవి ఇచ్చిన మనిషికి ఒక పని అప్పజెప్పండి: రెండు నెలలకోసారి, ఎండాకాలమైతే నెలకోసారి, వైర్లు తగిలించి ఒక రాత్రంతా ఛార్జ్ చెయ్యడం. సీల్డ్ అయితే మూడు నెలలకోసారి చాలు.

ఐదోది కుదరకపోతే, ఆ ఆరు నెలలూ చుట్టాలింట్లో వాడుకోమని ఇచ్చెయ్యండి. ఖాళీగా పడున్న బ్యాటరీ కంటే పనిచేసే బ్యాటరీయే ఎక్కువ కాలం మన్నుతుంది.

మల్టీమీటర్ ఉంటే విడి బ్యాటరీని ఒక రాత్రి వదిలేసి కొలవండి. 12.5 వోల్టులు దాటితే దాదాపు నిండు, 12.2 దగ్గర సుమారు సగం, 12 కంటే తక్కువైతే వెంటనే ఛార్జ్ పెట్టాలి.

నేల మీద పెడితే సిమెంటు ఛార్జ్ లాగేస్తుందని పెద్దవాళ్లు చెక్క పలక వేయమంటారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు. చెమ్మ తగలకుండా పలక వేస్తే మంచిదే.

## 9. ఇల్లు మారేటప్పుడు

ముందు రోజు: రాత్రే నిండుగా ఛార్జ్ చేసి ఆపెయ్యండి, తెల్లారేసరికి గ్యాస్ పోతుంది. నీళ్లు మాత్రం పోయొద్దు. కొత్త ఇంటికి చేరాకే. అంచుదాకా నింపిన బ్యాటరీ మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే తుళ్లుతుంది.

బయల్దేరే రోజు:
1. వరుస ప్రకారం వైర్లు విప్పండి.
2. టెర్మినళ్లు రెండింటికీ మందంగా టేపు చుట్టి, పైన అట్ట ముక్క కట్టండి.
3. ఆరు మూతలూ గట్టిగా ఉన్నాయో లేదో తిప్పి చూడండి.
4. ఇద్దరు మనుషులు, పక్కనున్న తాళ్ల పిడులు పట్టుకుని, మోకాళ్లు వంచి ఎత్తాలి. టెర్మినళ్లు, మూతలు పట్టుకుని ఎత్తొద్దు. పాత బ్యాటరీ పిడి తెగిపోయే స్థితిలో ఉంటే అడుగున చెయ్యి వెయ్యండి.
5. నిలువుగానే ఉండాలి. మెట్లు దిగేటప్పుడు కూడా ఒరిగించొద్దు. లిఫ్ట్ ఉంటే వాడండి.

వాహనంలో: ట్రాలీ ఆటో లాంటి తెరిచిన బండి అన్నిటికంటే మేలు. అంచులున్న ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి, క్యాబిన్ గోడకు ఆనించి, తాడుతో కట్టండి. పక్కన గ్యాస్ సిలిండర్ వద్దు. పైన స్టీలు బిందెలు, గిన్నెల మూట వద్దు: కుదుపుకు జారి టెర్మినళ్ల మీద పడేవి అవే. వానకు టార్పాలిన్ కప్పినా గాలి ఆడేలా కప్పండి.

కారు తప్ప దారి లేదంటే డిక్కీలో టబ్బు పెట్టి, కదలకుండా చుట్టూ బిగించి, అద్దాలు దించి నడపండి. సీటు మీద పెట్టొద్దు. స్కూటర్ ఫుట్‌బోర్డు మీద 50 కిలోల యాసిడ్ డబ్బాను కాళ్ల మధ్య పెట్టుకుని వెళ్లేవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాం. బ్రేకు వేస్తే అది ఎక్కడ పడుతుందో ఆలోచించండి.

రైలు పెట్టెలో లగేజీగా తీసుకెళ్లకూడదు. యాసిడ్ లాంటి ప్రమాదకర సరుకు అలా తేవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం. యాసిడ్ ఒలికే రకం బ్యాటరీని విమానంలో ప్రయాణికుల బ్యాగేజీలోనూ ఒప్పుకోరు. దూరపు ఊరికి ట్రాన్స్‌పోర్టులో పంపేటట్టయితే అది యాసిడ్ బ్యాటరీ అని రాసి ఇవ్వండి. ఐక్యరాజ్యసమితి (యూఎన్) ప్రమాదకర సరుకుల పట్టికలో యాసిడ్ నింపిన బ్యాటరీకి యూఎన్ 2794, ఒలకని రకానికి యూఎన్ 2800 అనే నంబర్లు ఉన్నాయి. "ఇంటి సామాను" అని దాచి పంపితే దారిలో ఒలికినప్పుడు చెయ్యి పెట్టే హమాలీకి అదేమిటో కూడా తెలియదు.

నిజం చెప్పాలంటే, నాలుగైదేళ్లు వాడేసిన బ్యాటరీని వేరే ఊరికి మొయ్యడం దండగ. ఇక్కడే మార్పిడికి ఇచ్చేసి అక్కడ కొత్తది కొనుక్కోండి.

దిగాక చూసుకోవాల్సినవి:
- టబ్బులో తడి ఉందా? ఉంటే పగులు కోసం వెతకండి. పగిలినదాన్ని కనెక్ట్ చెయ్యొద్దు.
- పైభాగం తుడిచారా?
- నేల సమంగా ఉందా?
- టేపు తీసి, ఫొటో చూసుకుని, ప్లస్ ముందు బిగించారా?
- ఒక రాత్రి ఛార్జ్ అయ్యాక మట్టం చూసి నీళ్లు పోశారా?

## 10. యాసిడ్ ఒలికితే, ఒంటి మీద పడితే

కంట్లో: వెంటనే కుళాయి కింద పెట్టి, రెప్పలు వేళ్లతో తెరిచి, 20 నిమిషాలు కడగండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీయండి. నొప్పి తగ్గినా కంటి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. సోడా, పాలు, ఇంట్లో ఉన్న చుక్కల మందు ఏదీ వెయ్యొద్దు.

ఒంటి మీద: తడిసిన బట్టలు తీసేసి, ధారగా నీళ్లు పోస్తూ 15–20 నిమిషాలు కడగండి. వంట సోడా నేలకే, చర్మానికి కాదు.

మింగితే: వాంతి చేయించొద్దు. నోరు పుక్కిలించి 108కి ఫోన్ చెయ్యండి.

నేల మీద: చేతి తొడుగులు, గాగుల్స్ వేసుకుని, అంచుల నుంచి లోపలికి వంట సోడా చల్లండి. నురగ రావడం ఆగేదాకా చల్లి, ప్లాస్టిక్ చేటతో ఎత్తి, తర్వాత నీళ్లతో కడగండి.

బ్యాటరీ పని ఏది చేసినా ఆఖర్న సబ్బుతో చేతులు కడుక్కోకుండా తినకండి. టెర్మినల్ మీది పొడిలో సీసం ఉంటుంది, పిల్లలకు అది మరీ చెడ్డది.

## 11. పాత బ్యాటరీని వదిలించుకునేటప్పుడు

బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే, అందుకే పాతదానికీ డబ్బులొస్తాయి. వీధిలో వచ్చే పాత సామాను బండికి ఇస్తే, యాసిడ్ మోరీలో పారబోసి డబ్బా పగలగొట్టే అవకాశమే ఎక్కువ. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు. దాన్ని సేకరించే, రీసైకిల్ చేసే వాళ్లకే ఇవ్వాలి. మనకు తేలికైన దారి కొత్తది కొనే డీలర్‌కే ఇవ్వడం.

బరువు తగ్గుతుందని మీరే యాసిడ్ వంపొద్దు. ఉన్నది ఉన్నట్టు, మూతలతో సహా, నిలువుగా ఇవ్వండి. మార్పిడి విలువను కొత్త బిల్లులో విడిగా చూపించమని అడగండి. వారంటీ కార్డు మీద కొత్త బ్యాటరీ సీరియల్ నంబరు, అమ్మిన తేదీ డీలర్ స్టాంపుతో పడ్డాయో లేదో అక్కడే సరిచూసుకోండి.